ఎర్ర గీత దాకా

పోయిన శుక్రవారం మా అమ్మ తలకు పోసుకోవడం ఆలస్యం చేసింది. మీ ఇంట్లో ఇది వార్త కాకపోవచ్చు, మా ఇంట్లో వార్తే. మంగళవారం, శుక్రవారం పొద్దున్నే మా అమ్మ తలకు పోసుకోకపోతే కోయంబత్తూరులో సూర్యుడు పైకి రావడానికి మొహమాటపడతాడని మా ఇంటిల్లిపాదికీ నమ్మకం. ఆ పొద్దున ఆవిడ నూనె గిన్నె పక్కన పెట్టుకుని పీట మీద కూర్చుని ఉండగా ఫోను వచ్చింది. పిల్లల ఆసుపత్రిలో మాకు తెలిసిన నర్సు చేసింది. మందులక్క పోయిందట. మేలూరులో తమ్ముడి ఇంటికి వెళ్లిన మనిషి, అక్కడే గుండె ఆగి పోయిందట.

ఆ తర్వాత మా అమ్మ ఏం చేసిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. కాని మందులక్క ఎవరో తెలియకపోతే అది చెప్పీ ప్రయోజనం లేదు.

ఆమెకూ ఒక పేరు ఉండేది. తెల్లకోటు మీద కుట్టి ఉండేది కూడా. ఆ పేరుతో ఎవరైనా పిలవగా మాత్రం నేను వినలేదు. పెద్ద డాక్టరు దగ్గర నుంచి లిఫ్టు దగ్గర కూర్చునే కాపలాదారు దాకా అందరికీ అక్కే. ఆమె డాక్టరు కాదు, నర్సు కాదు, మందుల షాపులో కూర్చునే మనిషి కూడా కాదు. పిల్లలకు మందులు ఎలా వాడాలన్న దాని కోసమే ప్రత్యేకంగా పైచదువు చదువుకుని వచ్చిన మనిషి. ఏ మందు కావాలో డాక్టరు రాస్తాడు. అది ఈ బిడ్డకు ఎంత, ఏ పూట, దేనితో కలిపి, దేనితో కలపకుండా, ఎవరి చేతి మీదుగా లోపలికి పోవాలో చూసేది ఈమె. లోకంలో ఇలాంటి ఉద్యోగం ఒకటి ఉందని తండ్రినయ్యేదాకా నాకు తెలియదు. నేను ఎరిగిన మందుల మనుషులంతా డబ్బా మీద బాల్‌పెన్నుతో రెండు గీతలు గీకి, మన మొహం చూడకుండా "పొద్దున, రాత్రి" అని పక్కవాడి చీటీ అందుకునేవాళ్లే.

మనిషి ఎత్తరి, పుష్టిగా ఉండేది. మేలూరు పక్క వరిచేలల్లో తిరిగి పెరిగిన ఎముక. నవ్వితే ముక్కుతో నవ్వేది. కోటు కుడి జేబులో సూదిలేని సిరంజీలు, ఎడమ జేబులో ఎర్ర గోళ్లరంగు సీసా. ఆ రంగు ఆమె గోళ్లకు ఎప్పుడూ చూడలేదు. అది సిరంజీకి వేయడానికి. బిడ్డను తూచి, లెక్కకట్టి, మందు ఎంతవరకు లాగాలో అక్కడ ఎర్రగా ఒక గీత గీసి, ఉఫ్ ఉఫ్ మని ఊది ఆరబెట్టి చేతికిచ్చేది.

"గీత దాకా. దాటించాలన్నా నన్ను అడగల్ల, తగ్గించాలన్నా నన్ను అడగల్ల."

ఈ గోళ్లరంగు వెనక పెద్ద ఆలోచనే ఉంది. మందు సీసా మీద రాత ఇంగ్లీషు. ఆసుపత్రిలో మాట తమిళం. ఇంట్లో మందు పోసే అవ్వ మాట్లాడేది తెలుగు, అదీ మా వైపు తెలుగు, నోటికే గాని రాతకు ఎక్కనిది. నేను కూడా తెలుగు అక్షరాలు మీసాలు వచ్చాక నేర్చుకున్నవాణ్ణే. ఇన్ని భాషల మధ్య ఎవరికీ చదువు అక్కర్లేని అక్షరం ఎరుపొక్కటే అని ఆమె కనిపెట్టింది. బిడ్డ బరువు పెరిగి మోతాదు మారితే పాత సిరంజీ వెనక్కి లాక్కుని, విరిచి చెత్తబుట్టలో వేసి, కొత్తదాని మీద కొత్త గీత గీసేది. "బిడ్డ పెరిగితే గీతా పెరగల్ల కాదా" అనేది.

ఆమె నోట్లో కొన్ని మాటలు నానుతూ ఉండేవి. బిడ్డకు ఎన్నేళ్లో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేది. "వయసు జాతకానికి. మందుకు బరువు." ఎవరైనా సంచిలోంచి స్టీలు చెంచా తీస్తే, "చెంచా చారుకు" అని అది మళ్లీ సంచిలోకి పోయేదాకా చూస్తూ కూర్చునేది. ఒకాయన పెద్దవాళ్ల మాత్రను సగం విరిచి కొడుకుకు వేశానని, తెలివైన పని చేసినట్టు చెప్పుకున్నాడు. ఆమె కోప్పడలేదు. ఆయన కట్టుకున్న పంచె వైపు చూసింది.

"దీన్ని సగానికి చింపితే మీ బిడ్డకు నిక్కరు అవుతుందా?"

ఆయన పంచె సర్దుకున్నాడు. "పిల్లోళ్లంటే సగం పెద్దోళ్లు కాదండా. వాళ్ల కడుపు వేరే, ఈరల్ వేరే" అని కాలేయం ఎక్కడుంటుందో ఆయన పొట్ట మీదే వేలుపెట్టి చూపించింది.

అన్నిటికన్నా పెద్ద మాట "చూపీండ". మందు ఎలా పోస్తున్నారని ఆమె ఎవరినీ అడగదు. అడిగితే అందరూ బాగానే చెబుతారట. ఖాళీ సీసాలో నీళ్లు నింపి చేతికిచ్చి, "చెప్పొద్దు, చూపీండ" అంటుంది. సీసా కుదిపారా, మూత ఎక్కడ పెట్టారు, సిరంజీ కంటికి ఎదురుగా పట్టారా పైకెత్తి పట్టారా, బిడ్డ గొంతులోకి చిమ్ముతున్నారా బుగ్గ పక్కకు వదులుతున్నారా, అన్నీ చూస్తుంది. నాకు గాంధీపురం అవతల చిన్న వర్క్‌షాపు ఉంది. నీళ్ల మోటార్లకు ఇరుసులు తయారుచేస్తాం. వెంట్రుకలో సగం తేడా వస్తే సరుకు వెనక్కి వస్తుంది. ఆ గర్వంతో నేను నీళ్లు లాగి చూపించాను. లోపల బఠాణీ అంత గాలిబుడగ.

"ఆ గాలి ఎవురికి నైనా?" అంది. "మీ పట్టరైలో అళవు ఇట్లనేనా?"

పట్టరై అంటే మా వర్క్‌షాపు. అళవు అంటే కొలత. నా భార్య సుమతి నన్ను అంత సంతోషంగా చూడటం పెళ్లయ్యాక అదే మొదలు.

కొత్త మందు ఏది వచ్చినా ముందు ఒక చుక్క తన నాలుక మీద వేసుకునేది. కళ్లు మూసుకుని, మొహం నిమ్మకాయ చేసుకుని, తీర్పు చెప్పేది. "ఇది కుక్క కూడా తాగదు. ముందు నాలిక్కి కొంజం ఐసు చూపీండ, మొద్దుబారినాంక పోయండ." పిల్లవాడు ఉమ్మేశాడని తల్లి మొట్టబోతే, "నువ్వు తాగినావా? నేను తాగినాను. వాడిదే న్యాయం" అని పిల్లవాడి వైపు తీర్పు ఇచ్చేది. ఒక తాత మనవణ్ణి బుజ్జగిస్తూ మందును మిఠాయి అన్నాడు. ఆమె మొహంలో నవ్వు పోవడం నేను చూసింది అలాంటప్పుడే. "మరుందును మరుందనే చెప్పండ తాతా. మిఠాయి అంటే, మీరు లేనప్పుడు సీసా ఎత్తి ఒకే గుక్క తాగేస్తాడు."

ఇక మా సంగతి.

మా పాప యామినికి ఏడాది నిండి, నడక వచ్చి, ఇంట్లో డబ్బాలన్నీ కిందకు లాగడం మొదలుపెట్టిన రోజుల్లో ఫిట్స్ వచ్చాయి. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, పొద్దునా సాయంత్రం పోయమని ఒక సిరప్ రాశాడు. పోశాం. కొన్నాళ్లకు మళ్లీ వచ్చాయి. మోతాదు పెంచాడు. మళ్లీ వచ్చాయి. ఇంకా పెంచాడు. మోతాదు పెరిగేకొద్దీ పాప మొద్దుబారింది. కూర్చోబెట్టిన చోట కూర్చుని ఉండేది. అడుగు వేస్తే తూలేది. డబ్బాల జోలికి పోవడం మానేసింది. దానికి వచ్చిన మొదటి మాట "అవ్వా". అమ్మా కాదు, నాన్నా కాదు. ఆ ఒక్క మాటా పోయింది. మా అమ్మ పొద్దస్తమానం దాని ఎదురుగా కూర్చుని "అవ్వా అనవే, అవ్వా అనవే" అని అడుక్కునేది. పాప ఆవిడ ముక్కుపుడక వంక చూసి నిద్రలోకి జారుకునేది. నేను వర్క్‌షాపుకు పోయి మిషన్లన్నీ ఒకేసారి ఆన్ చేయించేవాణ్ణి, ఆ చప్పుడులో ఆలోచన రాదని.

డాక్టరు మంచివాడే. మమ్మల్ని కూర్చోబెట్టి, ఈ మందు ఒక్కదాంతో లొంగడం లేదు, ఇంకోటి కలపాలి, అది ఇంకాస్త బరువైన మందు, మగత ఎక్కువ అని చెప్పాడు. సుమతి పాపను ఒళ్లోకి లాక్కుంది. "కలిపే ముందు ఒకసారి అక్కతో మాట్లాడి రండి" అన్నాడాయన. ఆ మాట అన్నందుకు ఆయనకు నేను ఈ రోజుకీ దండం పెడతాను.

అక్క గదిలో సుమతి నీళ్లతో చూపించింది. తప్పు పట్టడానికి లేదు. నేను చూపించింది పైన చెప్పాను, బుడగతో సహా. మా అమ్మ బల్ల చివర సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆసుపత్రిలో ఎవరూ ఆవిడను ఏదీ అడగలేదు. డాక్టరు అడిగినా నన్నే అడిగేవాడు. రోజూ మందు పోతోందా అంటే పోతోందని నేనే చెప్పేవాణ్ణి.

"ఈసారి ఫిట్స్ ఎప్పుడు వచ్చె?" అడిగింది అక్క.

"బుధవారం తెల్లారి" అంది సుమతి.

"అంతకు ముందు?"

సుమతి ఆలోచించింది. "శనివారం. ఆ ముందుదీ బుధవారమే అనుకుంటా."

అక్క గోళ్లరంగు సీసా మూత బిగించి జేబులో వేసుకుంది. నా మీదా సుమతి మీదా చూపు తీసేసి, కుర్చీ తిప్పి మా అమ్మ వైపు కూర్చుంది.

"అవ్వా, బిడ్డకు తలకు ఎప్పుడు పోస్తారు?"

మా అమ్మకు ప్రాణం లేచి వచ్చింది. ఇన్నాళ్లకు ఒకరు పనికొచ్చే ప్రశ్న అడిగారు. "ఆడబిడ్డకు ఇంగెప్పుడు పోస్తారు అమ్మణీ? మంగళారం, శుక్రారం."

"పోసినాంక సాన తీస్తారా?"

"తీయకుండా? వస, కరక్కాయ, మాచికాయ, జాజికాయ. మా అవ్వ కాలం రాయి అది. దాంట్లో అరగదీసింది తాగని బిడ్డ మా ఇంట్లో ఒకటీ లేదు."

తలకు పోసిన రోజు పసిబిడ్డకు సానరాయి మీద ఆ కాయలూ కొమ్ములూ అరగదీసి నాకించడం మా ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. సుమతి బడిలో టీచరు, పొద్దున్నే వెళ్లాలి. సాయంత్రం ఆలస్యంగా వస్తుంది. అందుకని ఆ రెండు రోజులూ నూనె, నీళ్లు, సాన, మందు, నిద్ర, అన్నీ మా అమ్మ రాజ్యం. అందులో మేం తల దూర్చం.

"సరి. ఆ దినం ఈ సీసా మందు?"

మా అమ్మ ఆమెను జాలిగా చూసింది. చదువుకున్న పిల్లకు ఈ మాత్రం తెలియదా అన్నట్టు.

"ఆ దినం ఇది ఎట్ల ఇస్తారమ్మా? రెండు మరుందులు ఒక కడుపులో పడితే కొట్లాడుకోవా? సాన తీసిన దినం దీన్ని తాకను. మళ్లీ పక్కదినం సుమతి ఇస్తుంది."

మంగళవారం మందు లేదు, బుధవారం ఫిట్స్. శుక్రవారం మందు లేదు, శనివారం ఫిట్స్. మందు చాలడం లేదనుకుని డాక్టరు పెంచుతూ పోయాడు. పెంచినదంతా మిగతా రోజుల్లో పాపను మత్తులో ముంచింది. నాకు ఇది అర్థమవడానికి ఎంత సేపు పట్టిందో, మా అమ్మకూ అంతే పట్టింది. ఆవిడ మొహం చూడలేకపోయాను. సంచి ఒళ్లోంచి జారి కింద పడింది.

"నేనా?" అంది. "నా బిడ్డకు నేనా చేస్తిని?"

అక్క లేచి వచ్చి, సంచి తీసి బల్ల మీద పెట్టి, పక్కనే కూర్చుంది.

"రెండు మరుందులు కొట్లాడుకుంటాయని మీకు ఎవురు చెప్పిరి అవ్వా?"

"మా అవ్వ."

"సరిగా చెప్పింది. మీ అవ్వ ఒక మాటలో చెప్పిందాన్నే నాకు కాలేజీలో ఏళ్ల తరబడి చెప్పిరి. ఏ మందు ఏ మందుతో కొట్లాడుతుందో చూసేదే నా ఉజ్జోగం. మీరు ఆలోచించింది సరే. రెండిట్లో దేన్ని ఆపల్లనో దాంట్లోనే మారిపోయింది. అది నన్ను అడగాల్సిన మాట, మిమ్మల్ని అడగాల్సింది మేము. మేమూ అడగలేదు కదా."

నేను చాలామంది ఓదార్పులు విన్నాను. తప్పును తప్పని చెబుతూనే మనిషిని నిలబెట్టిన ఓదార్పు అదొక్కటే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫ్యాను గాలికి దుమ్ము పడిందని తుడుచుకున్నాను, సుమతి నమ్మలేదు.

ఆ తర్వాత ఆమె డాక్టరు గదిలోకి వెళ్లి అన్న మాట తలుపు సందులోంచి నాకు వినబడింది. "సార్, తలకు పోసే దినాల్లో మందు పోవడం లేదు. ఇంకోటి కలపొద్దు. ఉన్నదాన్నే తిన్నగా పోనిచ్చి, మెల్లగా వెనక్కి తగ్గిద్దాం." ఎవరు ఆపారో చెప్పలేదు. అవ్వ అన్న మాటే ఎత్తలేదు. డాక్టరు కాసేపు నుదురు రుద్దుకుని, సరే అక్కా, రెండో మందు వద్దు అన్నాడు.

మా అమ్మ తేరుకుంది గాని సానరాయి వదలడానికి ఒప్పుకోలేదు. సీసా మందు రోజూ పోస్తుంది, సాన కూడా తీస్తుంది, రెండూ వేరే వేరే పూటలు. ఇదీ ఆవిడ రాజీ. "అయితే ఆ రాయిని నేను చూడల్ల" అంది అక్క. అన్నట్టే ఒక సాయంత్రం ఆర్.ఎస్. పురం వెనక వీధిలో మా ఇంటికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, నేల మీద మా అమ్మ ఎదురుగా బాసింపట్టు వేసుకుంది.

ముందు మా అమ్మ పరీక్ష. ఏ ఊరు, ఎవరి వంశం, ఇంటిపేరు ఏమి. వరుస తెలియకుండా మా అమ్మ ఎవరికీ కాఫీ ఇవ్వదు. మేలూరు, తిరుమంగలం, ఉడుమలపేట, అన్ని ఊళ్లూ తిప్పింది, మేనత్తల మీదుగా, తోడికోడళ్ల పుట్టిళ్ల మీదుగా. ఎక్కడా కలవలేదు. "ఏ పక్కనించి చూసినా మనకు ఏమీ కావు అమ్మణీ" అని, కూతుర్ని పిలిచే పిలుపుతోనే, నిజంగా బాధపడింది. కాఫీ మాత్రం ఇచ్చింది.

తర్వాత అక్క పరీక్ష. "చూపీండ."

మా అమ్మ సానరాయి కడిగి, రెండు చుక్కల నీళ్లు వేసి, వసకొమ్ము అరగదీసింది, కరక్కాయ అరగదీసింది. అక్క వేలితో తీసి నాలుక మీద వేసుకుంది. కళ్లు మూసుకుంది.

"అబ్బా అవ్వా. మా ఆసుపత్రిలో ఇంత చేదు లేదు."

మా అమ్మ పొంగిపోయింది.

"ఎంత అరగదీస్తిరి?"

"మూడు చుట్లు."

"గట్టిగానా మెల్లగానా? ఈ వస పోయిన నెలదా, పోయిన ఏడాదిదా? మీ చెయ్యి నొప్పున్న దినం ఎంత, లేని దినం ఎంత?" మా అమ్మ చేతిలో వసకొమ్మును తిప్పి చూసుకుంది. "ఎంత పోయిందో మీకూ తెలీదు, రాయికీ తెలీదు. అళవు తెలీనిది ఈ బిడ్డ కడుపులోకి వద్దు అవ్వా. ఇంగో బిడ్డకైనా నేను వద్దనే చెప్తా. ఈ బిడ్డ తలలో మెరుపు దూకతా ఉండాది, దీనికి అసలే వద్దు."

మా అమ్మ రాయిని కొంగుతో తుడిచింది. "అయితే వస లేకనే పెరగల్లనా నా బిడ్డ?"

"ఎందుకు? వస ఉండనీండ. కడుపులో వద్దు, ఒంటి మీద కట్టండ."

"చేతికి వసకొమ్ము గాజు కడదామా?"

"చేతికి కడితే నోట్లో పెట్టుకుని చప్పరిస్తుంది, మళ్లీ కడుపులోకే పాయె. మొలతాడుకు కట్టండ. ఆడికి నోరు అందదు."

మా అమ్మ నవ్వింది. ఆ గండం మొదలయ్యాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. వసకొమ్ము ముక్క నల్లదారంతో మొలతాడెక్కింది. సానరాయి ఇప్పుడు చందనానికి పనికొస్తోంది. తలకు పోయడం యథాప్రకారం మంగళవారం, శుక్రవారం. ఒక్కటే మార్పు, ఆ రోజుల్లో పాప తలకు నూనె అంటడానికి ముందే సీసా మందు. అది మా అమ్మే పెట్టుకున్న చట్టం.

బుధవారం వచ్చింది, పోయింది. శనివారం వచ్చింది, పోయింది. ఆ రోజుల్లో మేము ఊపిరి కూడా పొదుపుగా పీల్చాం. డాక్టరు, అక్క కలిసి మోతాదు మెల్లగా తగ్గించారు, గీత కిందకు దిగింది. ఒకనాడు వంటింట్లో పెద్ద చప్పుడైతే పరుగెత్తాం. బియ్యం డబ్బా బోర్లాపడి ఉంది, పాప బియ్యంలో కూర్చుని ఉంది. మా అమ్మ తిట్టడానికి నోరు తెరిచింది. పాప రెండు గుప్పిళ్లు బియ్యం ఎత్తి "అవ్వా" అంది. మా అమ్మ ఆ బియ్యంలోనే కూలబడి, బియ్యం ఏరుకునే మనిషిలా కాసేపు అటూ ఇటూ తడిమి, ఆనక ఏడ్చింది. మేమూ ఏడ్చాం. ఆ బియ్యం ఏరడానికి ఆదివారమంతా పట్టింది.

ఆ తర్వాత అక్క మాకు తరచు కనిపించేది, గీత మార్చుకోవడానికి వెళ్లినప్పుడు కొంత, పెళ్లిళ్లలో కొంత. ఆమెను పెళ్లికి పిలవడం అంటే ధైర్యం కావాలి. గాంధీపురంలో ఒక కల్యాణమండపంలో చూశాను. మనుషులు పెళ్లికూతురి చీర చూస్తుంటే ఈమె తల్లుల సంచులు చూస్తోంది. ఒకామె ముహూర్తంలో పిల్లవాడు అల్లరి చేయకుండా ఉండాలని దగ్గు మందు పోయబోతోంది, నిద్రపోతాడని.

"బిడ్డకు దగ్గు ఉండాదా?" అంది అక్క వెనక నుంచి.

"లేదక్కా."

"మీకు?"

"లేదు."

"మరి ఎవురికి ఉండాది?" అని సీసా తీసుకుని ఒంటి మీద లేని కోటు జేబు వెతుక్కుని, చివరకు పట్టుచీర కొంగులో ముడివేసుకుంది. ఆ పిల్లవాడు ముహూర్తమంతా మండపం చుట్టూ కేకలు పెడుతూ తిరిగాడు. మంగళసూత్రం కట్టే వేళ మేళం కన్నా వాడే గట్టిగా వినబడ్డాడు. అక్క వాణ్ణి చూసి ముక్కుతో నవ్వుతూనే ఉంది. బంధువుల గృహప్రవేశాలకు వెళితే దేవుడి గది తర్వాత ఆమె చూసేది ఫ్రిజ్జు తలుపు. ఎప్పటివో సగం మిగిలిన సిరప్‌లు, అన్న కోసం తెచ్చి తమ్ముడికి దాచినవి, అన్నీ బయటికి వచ్చేవి. ఆమె వస్తోందంటే ఆడవాళ్లు ఫ్రిజ్జు సర్దుకునేవాళ్లు.

ఆమెకు పిల్లలు ఉన్నారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మా అమ్మ అంతటి మనిషికే అడిగే సందు దొరకలేదు. ఎప్పుడూ ఆమే అడిగేది.

విచిత్రం ఏమిటంటే మా వీధికి మా అమ్మే ఆమె ప్రతినిధి అయిపోయింది. ఎదురింటి కోడలు బిడ్డకు జ్వరం మందు పోస్తుంటే మా అమ్మ గేటు దగ్గర నిలబడి, "చెప్పొద్దు, చూపీ" అనడం నేను విన్నాను. "అత్తా, మీకు ఇంగ్లీషు మరుందు గురించి ఏమి తెలుసు?" అని ఆ పిల్ల నవ్వితే, "నాకు ఏమీ తెలీదు, అందుకే అక్కను అడుగు అంటా ఉండా" అంది. ఆ మాట విని ఉంటే అక్క సంతోషించి ఉండేది. నేనే చెబుదామనుకుంటూ చెప్పలేదు.

పోయిన శుక్రవారానికి వస్తాను. యామిని ఇప్పుడు బడికి పోతోంది. ఫిట్స్ మళ్లీ రాలేదు. ఇంకొన్నాళ్లు చూసి మందు మెల్లగా ఆపేద్దామని డాక్టరు అంటున్నాడు. అందాకా పొద్దునా సాయంత్రం సిరప్ ఉంది, సిరంజీ ఉంది, దాని మీద అక్క చివరిసారి గీసిన ఎర్ర గీత ఉంది.

నేను ఫోను పెట్టేసి విషయం చెప్పాను. మా అమ్మ నూనె గిన్నె మీద మూత పెట్టింది. కాసేపటికి, "నీళ్లు పెద్ద గంగాళంలో కాచు. అందరమూ పోసుకోవల్ల" అంది. నూనె పెట్టుకుని పోసుకునే శుక్రవారపు స్నానం కాదది. బంధువు పోయిన కబురు వింటే పోసుకునే స్నానం. ఆ స్నానం అయ్యేదాకా మా ఇంట్లో ఎవరూ దేన్నీ ముట్టుకోరు, నోట్లో ఏదీ పడదు. మా నాన్న తమ్ముడు పోయినప్పుడు నన్ను కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే లేపేసింది.

సుమతి మెల్లగా అంది, "అత్తా, మనకు తీటు లేదు కదా. వరుస కుదరలేదని మీరే చెప్తిరి." తీటు అంటే మైల.

"ఎవురు చెప్పింది తీటు లేదని?" అంది మా అమ్మ. సుమతి నా వైపు చూసింది. "ఏమండా, నీళ్లు పెట్టండ" అంది నాతో. నేను గంగాళం పొయ్యి మీద పెట్టాను.

మా అమ్మ పీట మీంచి లేచింది. స్నానాల గదికి పోతుందనుకున్నాను. మైల తగిలిన మనిషి ఇంకెక్కడికీ పోదు. ఆవిడ తిన్నగా వంటింట్లోకి నడిచి, పాపకు అందని పై అరలోంచి మందు సీసా తీసింది. సుమతి "అత్తా, పోసుకోకనేనా" అని ఆగిపోయింది. మా అమ్మ సీసా కుదిపింది. సిరంజీ ముంచి లాగింది. కిటికీ దగ్గరికి పోయి వెలుతురుకు ఎదురుగా, కంటికి సమానంగా పట్టింది. కళ్లు నిండి ఉన్నాయి.

"నా కంటికి ఆనడం లేదు. గీత దగ్గర ఉండాదా చూడు."

నేను దగ్గరగా పోయి చూశాను. "ఉండాదమ్మా."

"గాలి?"

"లేదు."

యామినిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, బుగ్గ పక్కకు కొంచెం కొంచెంగా వదిలింది. పాప మింగి, మొహం చిట్లించి, "చేదు అవ్వా" అంది.

"అవును, చేదే" అంది మా అమ్మ. సిరంజీ కడిగి బోర్లించి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇంగ నీళ్లు తోడు నైనా. నా అమ్మణికి తలకు పోసుకోవల్ల."